సైడ్ స్టెప్

సైడ్ స్టెప్ అంటే కారు తలుపుల కింద, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య బాడీ పొడవునా బిగించే సన్నని మెట్టు. పాత మోటారు గ్రంథాల్లోనూ మోటారు వాహనాల చట్టంలోనూ దీన్ని రన్నింగ్ బోర్డు అన్నారు. యాక్సెసరీల షాపుల్లో సైడ్ స్టెప్, ఫుట్ స్టెప్ అన్న పేర్లు నడుస్తున్నాయి. ఎత్తయిన బండిలోకి ఎక్కి దిగడానికి ఆసరాగా ఉండటం దీని ప్రధాన ప్రయోజనం. టాప్ మీది సామాను అందుకోవడానికి, ముందు చక్రం చిమ్మే బురద, కంకర తలుపులకు తగలకుండా కొంతవరకు కాపాడటానికి కూడా పనికొస్తుంది. నాలుగు మీటర్లలోపు ఎస్‌యూవీలకు దీన్ని విడిగా పెట్టించుకోవడం భారతదేశంలో మామూలే. అయితే ఎక్కడం ఎంత సులువవుతుందన్నది ఆ బండి గడప ఎత్తును బట్టి ఉంటుంది.

చరిత్ర

గుర్రపు బగ్గీలకుండే ఇనుప మెట్టు నుంచే ఇది మోటారు కారుకు వచ్చిందని సాధారణంగా భావిస్తారు. తొలినాటి కార్లలో బాడీ ఎత్తయిన ఛాసిస్ మీద కూర్చునేది కాబట్టి మెట్టు లేనిదే ఎక్కడం కష్టమయ్యేది. 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టిలో ఈ పలక ముందు, వెనక మడ్‌గార్డులను కలుపుతూ ఉండేది. పనిముట్ల పెట్టె, ప్రయాణ సామాను కట్టుకోవడానికీ దాన్నే వాడుకునేవారు.

1930లలో కార్లు నేలకు దగ్గరయ్యాయి. బాడీ వెడల్పు పెరిగి, పలక ఆక్రమించిన చోటు కూడా లోపలి సీట్లకు కలిసిపోయింది. దీన్ని మొదట వదిలేసిన కారు ఏదన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 1935 చివర్లో ప్రదర్శించిన కార్డ్ 810ను ఎక్కువమంది పేర్కొంటారు. 1933 నాటి పియర్స్ సిల్వర్ యారోకు ఆ స్థానం ఇచ్చేవారూ ఉన్నారు. సిల్వర్ యారోలు అయిదే తయారయ్యాయి కనుక, వరుస ఉత్పత్తిని లెక్కలోకి తీసుకుంటే కార్డ్ వైపే మొగ్గు చూపవచ్చు. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల ఇది మిగిలింది. ఫోక్స్‌వాగన్ బీటిల్ పాత నమూనా 2003లో మెక్సికోలో ఆగిపోయేదాకా దీనితోనే వచ్చింది. అమెరికా అధ్యక్షుల రక్షణ సిబ్బంది కార్లకూ ఇది ఉండేది. 1963 నవంబర్ 22న డాలస్‌లో అధ్యక్షుడు కెన్నెడీపై కాల్పులు జరిగినప్పుడు ఏజెంట్ క్లింట్ హిల్ ఆయన కారు వైపు పరుగెత్తింది వెనకవస్తున్న కారు రన్నింగ్ బోర్డు మీది నుంచే.

భారతదేశంలో చిన్న ఎస్‌యూవీలు

2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు లేదా 1500 సీసీలోపు డీజిల్ ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. చిన్న ఎస్‌యూవీల తరగతి పెరగడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. ఈ తరగతిలో రెండు రకాల నిర్మాణాలున్నాయి. బొలేరో, టీయూవీ 300, థార్ వంటివి ఛాసిస్ మీద బాడీ బిగించినవి. వీటిలో గడప ఎత్తు ఎక్కువ. బొలేరోకు సైడ్ స్టెప్ చిరకాలంగా ఉన్నదే. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ (2013), మారుతి విటారా బ్రెజా (2016), టాటా నెక్సాన్ (2017), హ్యుందాయ్ వెన్యూ (2019), పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చే కియా సోనెట్ (2020) రెండో రకం. వీటికి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. గ్రౌండ్ క్లియరెన్స్ సుమారు 200 మిల్లీమీటర్లున్నా లోపలి ఫ్లోర్ మరీ ఎత్తులో ఉండదు. విడిగా స్టెప్ పెట్టించడంపై భిన్నాభిప్రాయాలు ఎక్కువగా ఈ రెండో రకం గురించే.

రకాలు, బిగించే తీరు

అల్యూమినియం పలక మీద రబ్బరు లేదా ప్లాస్టిక్ పట్టీలు వేసినవి, స్టీలు గొట్టానికి అడుగు పెట్టే చోట మాత్రమే ప్లాస్టిక్ తొడుగు వేసినవి, పౌడర్ కోటింగ్ చేసిన ఇనుప పలకలు ప్రధాన రకాలు. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. గొట్టం రకం చూడటానికి గట్టిగా కనిపించినా తడి చెప్పులతో జారే అవకాశం ఎక్కువ. తలుపు తీయగానే కిందికి దిగి, వేయగానే లోపలికి ముడుచుకునే మోటారు స్టెప్ 2003 లింకన్ నావిగేటర్ వంటి పెద్ద బండ్లలో వచ్చింది. చిన్న ఎస్‌యూవీల్లో అది అరుదు.

ఛాసిస్ ఉన్న బండిలో బ్రాకెట్లను నేరుగా ఛాసిస్‌కు బోల్టు చేస్తారు. ఛాసిస్ లేనివాటిలో గడప కింది రేకుకు కంపెనీ ముందే వదిలిన మరల రంధ్రాలు ఉంటే వాటిని వాడటమే సరైన పద్ధతి. అవి లేనప్పుడు కొత్తగా రంధ్రాలు వేయడం వల్ల రేకు మీది పూత పోయి తుప్పుకు దారి ఏర్పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ప్రాంతాల్లో ఇది త్వరగా బయటపడుతుంది. వేసిన రంధ్రం అంచుకు జింక్ ప్రైమర్ పూయడం, అల్యూమినియం పలకకూ ఇనుప బోల్టుకూ మధ్య ప్లాస్టిక్ వాషర్ వేయడం అవసరం. ఎలక్ట్రిక్ బండ్లలో బ్యాటరీ ఫ్లోర్ కిందే ఉంటుంది కాబట్టి అక్కడ డ్రిల్లింగ్ ప్రమాదకరం. జాకీ పెట్టే చోట్లు కూడా గడప అంచు కిందే ఉంటాయి. స్టెప్ బిగించాక జాకీ అక్కడికి అందుతుందో లేదో షాపులోనే చూసుకోవాలి.

ఉపయోగం, పరిమితులు

స్టెప్ మేలు చేస్తుందా అన్నది రెండు ఎత్తుల లెక్క. ఉదాహరణకు గడప నేల నుంచి 550 మిల్లీమీటర్ల ఎత్తులో, స్టెప్ 350 దగ్గర ఉంటే ఎక్కేవారికి 350, 200 చొప్పున రెండు అడుగులు వస్తాయి. పొట్టివారికి, పిల్లలకు ఇది స్పష్టమైన సాయం. గడప 420 దగ్గరే ఉండి స్టెప్ 320 దగ్గర ఉంటే మొదటి అడుగు 320, రెండోది 100. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్ల మెట్లకు అనుమతించే గరిష్ఠ ఎత్తు 190 మిల్లీమీటర్లు. దానితో పోలిస్తే మొదటి అడుగు భారం తగ్గింది తక్కువే. స్టెప్‌ను ఇంకా కిందికి దించితే గ్రౌండ్ క్లియరెన్స్ పోయి, ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ల మీద, పొలం గట్ల దగ్గర తగులుతుంది.

దిగేటప్పుడు ఇబ్బంది వేరు. పలక బయటికి చొచ్చుకొచ్చిన మేర పాదం మరింత దూరం పెట్టాలి. వెడల్పు చాలని పలక మీద పూర్తి పాదం ఆనదు, దాన్ని దాటి నేలకు దిగబోతే మడమ అంచుకు తగులుతుంది. వానాకాలంలో పలక మీది బురద చీర కుచ్చిళ్లకు, పంచె అంచుకు, ప్యాంటు వెనక భాగానికి అంటుతుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దల విషయంలో, మెట్లకు ఫిజియోథెరపీలో చెప్పే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. చిన్న ఎస్‌యూవీలో సీటు చాలామందికి నడుము ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. అందుకే వీపు లోపలికి పెట్టి ముందు సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకోవడం తేలిక. స్టెప్ ఉంటే సీటుకు అంత దగ్గరగా నిలబడటం కుదరదు కాబట్టి ఈ పద్ధతికి అదే అడ్డు కావచ్చు. ఎక్కే మనిషి చేతికి టాప్ దగ్గర పట్టుకునే హ్యాండిల్ ఉండటం స్టెప్ కంటే ముఖ్యమన్న అభిప్రాయం కొందరిది. బాడీయే బరువు మోసే చిన్న బండ్లకు ఇది ఎక్కువగా సరిపోతుంది.

స్టెప్ కొనడానికి ముందు అదే ఎత్తున్న గట్టి పీటను తలుపు దగ్గర వేసి, ఇంట్లో పెద్దవారి చేత ఒకసారి ఎక్కించి దించి చూస్తే విషయం తేలుతుంది. పీట మీద ఎక్కడమే కాక, దాన్ని తాకకుండా దిగగలుగుతున్నారా అన్నదీ గమనించాలి.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సవరించిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చంటుంది. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ బంపర్ ముందు బిగించే క్రాష్ గార్డుల గురించి. దాన్ని సైడ్ స్టెప్‌కు కూడా వర్తింపజేసి చెప్పడం కనిపిస్తుంది గాని, ఆ రెండూ ఒకటి కావు. తయారీదారు యాక్సెసరీల జాబితాలోని స్టెప్‌ను డీలరు దగ్గరే పెట్టించి బిల్లు ఉంచుకోవడం సురక్షితమైన మార్గం. బయట రంధ్రాలు వేయిస్తే ఆ భాగానికి వారంటీ వర్తించకపోవచ్చు. బీమా పాలసీలో విడి యాక్సెసరీగా చూపకపోతే దాని విలువ క్లెయిమ్‌లోకి రాకపోవచ్చు.

అదే చట్టంలోని 123వ సెక్షన్ నడుస్తున్న బండి రన్నింగ్ బోర్డు మీద, టాప్ మీద, బానెట్ మీద ప్రయాణించడాన్ని నిషేధిస్తుంది. అలా జనాన్ని ఎక్కించుకున్న డ్రైవరు కూడా దీని కింద బాధ్యుడే.