బంగారు చిత్రం - ఒక వీలునామా

ప్రత్యేక సంచికకు ఉద్యోగానుభవం ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. ముప్ఫై ఏళ్ళు సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో దస్తావేజులు చూసినవాణ్ణి. వీలునామాలో ఒక్క మాట ఎంత పని చేస్తుందో చెప్పడానికి నా అనుభవం కంటే పెద్ద ఉదాహరణ వియన్నా నగరంలో ఉంది. ముందు అది చెబుతాను.

గుస్తావ్ క్లిమ్ట్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు 1907లో అడేలే బ్లాక్ బావర్ అనే ఆమె చిత్రం పూర్తి చేశాడు. నిలువూ అడ్డమూ 138 సెంటీమీటర్లు. చీర మీద జరీలా చిత్రమంతా బంగారు రేకు. వేయించినవాడు ఆమె భర్త ఫెర్డినాండ్, చక్కెర మిల్లుల యజమాని. చిత్రాన్ని 1907లోనే జర్మనీలోని మాన్‌హైమ్‌లోను, మరుసటి ఏడు వియన్నాలోను ప్రదర్శించారు. తర్వాత అది వారింటి గోడ చేరింది.

1923లో అడేలే వీలునామా రాసింది. తన భర్త తదనంతరం క్లిమ్ట్ చిత్రాలను ప్రభుత్వ చిత్రశాలకు ఇవ్వవలసిందిగా ఆయనను కోరింది. 1925లో ఆమె మరణించింది. కథంతా ఆ 'కోరింది' చుట్టూనే తిరిగింది.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించారు. యూదుడైన ఫెర్డినాండ్ కట్టుబట్టలతో దేశం దాటాడు. ఆస్తి జప్తయింది. 1941లో నాజీల తరఫు లాయరు, యజమాని బ్రతికుండగానే, ఈ చిత్రాన్ని వియన్నా చిత్రశాలకు అప్పగించాడు. 1943 ప్రదర్శనలో యూదురాలి పేరు కనబడకుండా కేవలం ఒక స్త్రీ చిత్రమనే పెట్టారు. బొమ్మ వారికి కావాలి, మనిషి పేరు వద్దు!

ఫెర్డినాండ్ 1945లో స్విట్జర్లాండులో చనిపోయాడు. తన ఆస్తి అన్నగారి పిల్లలకు చెందాలని వీలునామా రాశాడు. యుద్ధం ముగిశాక, మిగిలిన కళాఖండాలు దేశం దాటించే అనుమతి కోసం వారసుల లాయరు ఈ చిత్రాలను చిత్రశాలకే వదులుకోవలసి వచ్చింది.

1998లో ఆస్ట్రియా కొత్త చట్టం చేసి పాత రికార్డులు తెరిచింది. హుబర్టస్ చెర్నిన్ అనే విలేఖరి ఆ కాగితాలు బయటపెట్టాడు. వారసురాలు మరియా ఆల్ట్‌మన్ అప్పటికే ఎనభై దాటిన వృద్ధురాలు, లాస్ ఏంజెలెస్ నివాసి. వియన్నాలో దావా వేద్దామంటే ఆస్తి విలువను బట్టి కట్టవలసిన కోర్టు రుసుము తలకు మించినది. అమెరికాలోనే దావా వేసింది. అక్కడ దావా చెల్లుతుందని 2004లో ఆ దేశ సుప్రీంకోర్టు 6-3 తేడాతో తేల్చింది. తర్వాత ఉభయులూ ముగ్గురు ఆస్ట్రియా మధ్యవర్తుల తీర్పుకు ఒప్పుకున్నారు. చిత్రం భర్త సొత్తు, భార్య రాసింది విన్నపమే గాని ఆజ్ఞ కాదని 2006 జనవరిలో వారు చెప్పారు. ఆమెకు తొంభై నిండడానికి నెల రోజులుంది.

చిత్రం లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శితమై, అదే ఏడు రొనాల్డ్ లాడర్ చేతికి వచ్చింది. వెల 13.5 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. నాటి నుంచి న్యూయార్క్‌లో ఆయన స్థాపించిన చిత్రశాలలో ఉంది. మరియా 2011లో, 94 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇక నా మాట. ఒకసారి ఒక పెద్దాయన వీలునామా రిజిస్ట్రేషనుకు తెచ్చారు. "ఈ ఇల్లు చిన్నవాడు చూసుకోవాలని నా కోరిక" అని అందులో ఉంది. చూసుకోవడమంటే అనుభవించడమా, యాజమాన్యమా? నాకు అనుమానం వచ్చింది. అడగడం నా పని కాదనుకుని ముద్ర వేశాను. ఆయన పోయాక అన్నదమ్ములు చాలా ఏళ్ళు కోర్టుకు తిరిగారు. వియన్నా కథ చదివినప్పుడల్లా ఆ ముద్ర గుర్తొస్తుంది.

కనుక మిత్రులారా, కోరికలు ఉత్తరాల్లో రాయండి. వీలునామాలో మాత్రం ఎవరికి ఏది, ఏ హక్కుతో ఇస్తున్నారో స్పష్టంగా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు మరవకండి. బ్యాంకులో నామినీ పేరుంది చాలులే అనుకోకండి, నామినీ అయినంత మాత్రాన సొంతదారు కాడు. మన దగ్గర బంగారు చిత్రాలు లేకపోవచ్చు. మన పిల్లలు మాట్లాడుకుంటూ ఉండడం మాత్రం మనకు బంగారమే కదా!