నివాస ప్రాంతాలలో అద్దె ఇళ్ల వల్ల ఇబ్బందులు : ఎవరి బాధ్యత ఎంత? చట్టం చూపిన మార్గాలు
(ప్రత్యేక వ్యాసం - పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం)

ఉద్యోగం, విద్య, వైద్యం నిమిత్తం నగరాలకు తరలివచ్చే కుటుంబాలకు, యువతీయువకులకు అద్దె ఇల్లే తొలి ఆశ్రయం. హైదరాబాదులోని అమీర్‌పేట, సంజీవరెడ్డి నగర్, దిల్‌సుఖ్‌నగర్, మాదాపూర్, గచ్చిబౌలి తదితర ప్రాంతాలలో ఒకప్పుడు ఒక్క కుటుంబం నివసించిన ఇళ్లు అనేకం వసతి గృహాలుగా మారాయి. ఈ మార్పు వేలాది మందికి నీడనిచ్చింది. అదే సమయంలో అర్ధరాత్రి వరకు సాగే శబ్దం, వీధిని ఆక్రమించే వాహనాలు, పొంగే మురుగు, పేరుకునే చెత్త వంటి సమస్యలపై కాలనీవాసుల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి.

ఈ ఫిర్యాదులలో పలు దరఖాస్తులు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరుగుతూ కాలయాపనకు గురవుతున్నాయి. దీనికి ప్రధాన కారణం, "ఆ ఇంటిని ఖాళీ చేయించండి" అనే ఒకే కోరికతో అందరు అధికారులనూ ఆశ్రయించడమే. ఇల్లు ఖాళీ చేయించే అధికారం పురపాలక సంఘానికి గాని, పోలీసు స్టేషనుకు గాని సాధారణంగా లేదు. చట్టం మనిషిని కాక, ఆ కట్టడాన్ని వినియోగిస్తున్న తీరును, అక్కడ జరుగుతున్న పనిని ప్రశ్నిస్తుంది. ఏ ఇబ్బందికి ఏ అధికారి బాధ్యుడో గుర్తించినప్పుడే పరిష్కారం త్వరితమవుతుంది.

పురపాలక సంస్థల పాత్ర

హైదరాబాదు మహానగరానికి 1955 నాటి జి.హెచ్.ఎం.సి. చట్టం, రాష్ట్రంలోని ఇతర పట్టణాలకు తెలంగాణ పురపాలక చట్టం-2019, గ్రామాలకు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం-2018 ఆధారాలు. ఈ చట్టాల ప్రకారం స్థానిక సంస్థ పరిశీలించవలసిన అంశాలు ప్రధానంగా మూడు.

మొదటిది, భవన వినియోగం. నివాసానికి అనుమతి పొందిన కట్టడాన్ని వాణిజ్య అవసరానికి మార్చినా, మంజూరైన ప్లానుకు విరుద్ధంగా అంతస్తులు, గదులు చేర్చినా పట్టణ ప్రణాళికా విభాగం నోటీసు జారీ చేయవచ్చు. 2012 ఏప్రిల్ 7న పురపాలక శాఖ జి.ఓ. 168 ద్వారా వెలువడిన భవన నిర్మాణ నియమావళి వాహనాల నిలుపుదలకు స్థలం విడిచిపెట్టడాన్ని తప్పనిసరి చేసింది. ఆ స్థలాన్ని గదులుగా మార్చినందువల్లనే వాహనాలు వీధిలోకి వస్తున్న సందర్భాలు ఉన్నాయి. అటువంటి చోట వాహనదారులపై ఎన్ని జరిమానాలు విధించినా, సెల్లారును తిరిగి యథాస్థితికి తేనిదే సమస్య తీరదు.

రెండవది, వ్యాపార అనుమతి. జి.హెచ్.ఎం.సి. చట్టంలోని 521వ సెక్షన్ కొన్ని రకాల వ్యాపారాలను లైసెన్సు లేకుండా నిర్వహించరాదని చెబుతోంది. రుసుము వసూలు చేసి నడిపే హాస్టళ్లు ట్రేడ్ లైసెన్సు పొందవలసి ఉంటుంది. భోజన సదుపాయం కల్పించేవారు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం-2006 మేరకు నమోదు లేదా లైసెన్సు కూడా తీసుకోవాలి. ఆస్తి పన్ను వాణిజ్య రేటులో చెల్లిస్తున్నంత మాత్రాన అనధికార వినియోగం సక్రమం కాజాలదని యజమానులు గమనించాలి.

మూడవది, పారిశుద్ధ్యం. చెత్తను తడి, పొడిగా వేరుచేయకపోవడం, రోడ్డుపై పారవేయడం పారిశుద్ధ్య విభాగం పరిధిలోనివి. హైదరాబాదులో మురుగు పొంగుకు సంబంధించిన ఫిర్యాదులు జలమండలికి వెళ్లాలి. ఒక కుటుంబానికి సరిపడే కనెక్షనుపై పదుల సంఖ్యలో నివాసులు ఆధారపడినప్పుడు యజమానే అందుకు తగిన ఏర్పాటు చేసుకోవాలి.

శబ్ద కాలుష్యం - పోలీసుల అధికారం

శబ్ద కాలుష్య (నియంత్రణ, క్రమబద్ధీకరణ) నియమావళి-2000 ప్రకారం నివాస ప్రాంతాలలో పగటివేళ 55 డెసిబెల్స్, రాత్రివేళ 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అనగా 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. ప్రైవేటు స్థలంలో వాడే ధ్వని పరికరాల శబ్దం ఆ స్థలం సరిహద్దు వద్ద ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటరాదు. నిర్ణీత ప్రమాణం కంటే శబ్దం 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి ఎక్కువైనా, రాత్రివేళ ఆంక్షలను ఉల్లంఘించినా బాధితులు ఫిర్యాదు చేయవచ్చు. శబ్ద కాలుష్యంపై 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఇష్టం లేని శబ్దాన్ని వినవలసిందిగా ఎవరినీ నిర్బంధించే హక్కు మరొకరికి లేదని స్పష్టం చేసింది.

శబ్దం జరుగుతుండగానే 112కు ఫోను చేయడం ఉత్తమం. మరునాడు ఇచ్చే ఫిర్యాదుకు ఆధారం చూపడం కష్టం. ఫోను చేసిన తేదీ, సమయం పోలీసు రికార్డులో నమోదవుతాయి గనుక తదుపరి దశలో అవే సాక్ష్యంగా ఉపకరిస్తాయి.

ఇబ్బంది పునరావృతమైతే : కార్యనిర్వాహక మేజిస్ట్రేటు

వీధి మొత్తానికి బాధ కలుగుతున్నప్పుడు అది "ప్రజా ఇబ్బంది" అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ (పూర్వపు నేర విచారణ స్మృతిలో 133) కింద జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారమిచ్చిన ఇతర కార్యనిర్వాహక మేజిస్ట్రేటు షరతులతో కూడిన ఉత్తర్వు జారీ చేయవచ్చు. పోలీసు నివేదిక లేదా ఇతర సమాచారం ఆధారంగా ఈ ప్రక్రియ ఆరంభమవుతుంది. ప్రతివాది ఆ ఉత్తర్వును పాటించాలి, లేదా హాజరై కారణం చూపాలి. కారణం చూపిన పక్షంలో సాక్ష్యం నమోదు చేస్తారు. ఈ విచారణను 90 రోజులలో, కారణాలు లిఖితపూర్వకంగా నమోదు చేసి గరిష్ఠంగా 120 రోజులలో ముగించాలని కొత్త సంహిత నిర్దేశించింది.

ప్రజా ఇబ్బందికి భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద రూ.1,000 వరకు జరిమానా ఉంది. ఆపివేయాలని అధికారి ఆదేశించిన తరువాత కూడా కొనసాగిస్తే 293వ సెక్షన్ మేరకు ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కనుక తొలి జరిమానా స్వల్పమైనా, దాని వెనుక వచ్చే ఉత్తర్వు స్వల్పం కాదు.

స్థానిక సంస్థలు సైతం ఈ సెక్షన్‌కు అతీతం కావు. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు, మురుగు తొలగించే బాధ్యత నుంచి నిధుల కొరత పేరిట పురపాలక సంఘం తప్పించుకోజాలదని తీర్పు చెప్పింది.

ఇద్దరు ఇరుగుపొరుగుల మధ్య వ్యక్తిగత వివాదం మాత్రం ఈ సెక్షన్ కిందకు రాదు. దానికి సివిల్ కోర్టే మార్గం.

చట్టవిరుద్ధ కార్యకలాపాలు

అద్దె ఇంట్లో వ్యభిచార గృహం నడుస్తున్నట్లయితే 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం 18వ సెక్షన్ వర్తిస్తుంది. ప్రార్థనా స్థలం, విద్యాసంస్థ, ఆసుపత్రి తదితర బహిరంగ ప్రదేశాలకు 200 మీటర్ల లోపు ఉన్న ఇంటి విషయంలో మేజిస్ట్రేటు యజమానికి, నివాసికి నోటీసు ఇచ్చి 7 రోజులలో సంజాయిషీ కోరవచ్చు. విచారణానంతరం 7 రోజులలో ఖాళీ చేయించవచ్చు. ఆపై ఏడాది వరకు, మైనర్లు పట్టుబడిన సందర్భంలో మూడేళ్ల వరకు, మేజిస్ట్రేటు ముందస్తు ఆమోదం లేనిదే ఆ ఇంటిని తిరిగి అద్దెకు ఇవ్వరాదు. జూద గృహాలకు 1974 నాటి గేమింగ్ చట్టం వర్తిస్తుంది. తెలిసి ఇల్లు ఇచ్చిన యజమాని కూడా ఈ రెండు చట్టాల కింద శిక్షార్హుడే.

విదేశీయులకు వసతి కల్పించేవారు వారి వివరాలను సంబంధిత అధికారులకు తెలియజేయాలి. 2025 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం ఈ బాధ్యతను వసతి నిర్వాహకులపై ఉంచింది.

ఖాళీ చేయించడం : యజమాని బాధ్యత, న్యాయస్థానం అధికారం

పరిసరాలలోని వారికి ఇబ్బంది కలిగించే ప్రవర్తన అద్దెదారును ఖాళీ చేయించడానికి ఒక కారణమని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 10వ సెక్షన్ గుర్తించింది. ఇంటిని ఒప్పందానికి భిన్నమైన పనికి వాడటం మరో కారణం. అయితే 2005 సవరణ అనంతరం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500, ఇతర ప్రాంతాలలో రూ.2,000 దాటిన అద్దెలకు ఈ చట్టం వర్తించదు. నేటి అద్దెలలో అత్యధికం ఆ పరిమితిని దాటినవే గనుక 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే శరణ్యం. వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతో రద్దు చేయవచ్చు. అప్పటికీ ఖాళీ చేయకుంటే సివిల్ కోర్టును ఆశ్రయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1960 నాటి చట్టం స్థానంలో 2017లో వేరొక అద్దె చట్టం వచ్చింది.

అద్దెదారుకూ రక్షణ ఉంది

నీరు, విద్యుత్తు నిలిపివేయడం, తాళం వేయడం, సామాను బయట పడవేయడం చట్టసమ్మతం కాదు. కాలనీ సంఘాలు శబ్దం, వాహనాలు, చెత్త విషయంలో అందరికీ సమానంగా వర్తించే నియమాలు చేసుకోవచ్చు. కానీ అవివాహితులనో, పరరాష్ట్రాల వారనో, ఫలానా వర్గం వారనో ఒక వీధి నుంచి మూకుమ్మడిగా పంపివేసే అధికారం ఏ సంఘానికీ లేదు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19(1)(ఇ) అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. ఒక గదిలోని ఇద్దరు చేసిన అల్లరికి ఆ భవనంలోని నలభై మంది నిలువనీడ కోల్పోరాదు.

ఫిర్యాదు విధానం

ఫిర్యాదులో ఇంటి నంబరు, జరిగిన తేదీలు, వేళలు, ఇబ్బంది స్వభావం, ఫొటోలు పొందుపరచాలి. ఒక్కరికంటే పలువురు నివాసులు సంతకం చేసిన దరఖాస్తు ప్రజా ఇబ్బందిని నిరూపించడానికి తోడ్పడుతుంది. ప్రతిని ఇంటి యజమానికి కూడా పంపడం మంచిది. యజమాని వేరే ఊరిలో నివసిస్తూ విషయం తెలియని సందర్భాలు తరచుగా ఎదురవుతుంటాయి. పురపాలక, రెవెన్యూ, పోలీసు శాఖలు కలిసి చర్య తీసుకోవలసిన ఫిర్యాదులను సోమవారం కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణిలో సమర్పించవచ్చు. దరఖాస్తు అందుకున్న అధికారి, అది తన పరిధిలోనిది కాకపోతే తిప్పి పంపక, సంబంధిత శాఖకు బదిలీ చేసి దరఖాస్తుదారుకు తెలియజేయడం సముచితం.

వార్తలు రాసే పాత్రికేయులు నోటీసు, షరతుల ఉత్తర్వు, తుది ఉత్తర్వు అనే మూడు దశల మధ్య తేడాను గమనించగలరు. నోటీసు అందినంత మాత్రాన ఆ ఇంటిలోని వారు దోషులు కారు. విచారణ ముగియక ముందే నివాసుల పేర్లు, ఫొటోలు ప్రచురించడం వల్ల వారికి మరో ఇల్లు దొరకడం కూడా దుర్లభమవుతుంది.

ఇంటి యజమాని ఒప్పందంలోనే నివాసుల సంఖ్య, వాహనాలు, రాత్రి నిశ్శబ్ద వేళలను స్పష్టంగా రాయించుకుని, తన ఫోను నంబరును పొరుగువారికి ఇచ్చినట్లయితే అనేక వివాదాలు కార్యాలయాల గడప తొక్కక ముందే సమసిపోతాయి.