ఎండకాలపు విత్తు - కౌటిల్యుని విధి

తల్లాడ ఖమ్మమునుండి సత్తుపల్లికి బోవు మార్గమునందలి యూరు. అచ్చటినుండి యీశాన్యముగా బోవుకొలది పొలములు తగ్గి భద్రాచలపుటడవులు దగ్గరగును. ఈప్రాంతమున రోహిణికార్తెలో నెండ 45 డిగ్రీలకు జేరు దినములు కలవు. రైతు విత్తు సిద్ధపరచుకొనునదియు, కోయలు విత్తనాలపండుగ చేయునదియు నీవేసవియందే. ఎండ విత్తునకు మేలా కీడా యను ప్రశ్న వారి కేటేట వచ్చునదే.

కృషిపరాశరము విత్తులను మాఘఫాల్గుణములలో సేకరించి యెండబెట్టుమనును. అర్థశాస్త్రము రెండవ యధికరణము 24వ యధ్యాయమున ధాన్యబీజములను ఏడహోరాత్రములు మంచున దడిపి యెండ నార్పవలెననియు, కాయధాన్యములకు మూడు గాని యైదు గాని చాలుననియు విధించుచున్నది. ఒక గ్రంథము ఆర్పుమనగా వేరొకటి తడుపుమనుట విరుద్ధముగా దోచును. పరాశరమతము దాచు విత్తును గూర్చినది. కౌటిల్యమతము చల్లబోవు విత్తును గూర్చినది. కావున విరోధము లేదు. అయిన జ్యేష్ఠమున తల్లాడయందు మంచెక్కడిది? దాని పని నీరే చేయవలయును.

మాటిమాటికి దడిసి యారుట యెంత బలవత్తరమో టేకువలన దెలియును. దాని కాయపెంకు మిక్కిలి గట్టిది. 1840 తరువాత మలబారు కలెక్టరగు కనోలీ నిలంబూరున టేకుతోట వేయబూనగా విత్తులు తొలుత మొలవలేదు. 1844 నాటికి చాతుమేనను పర్యవేక్షణమున నారు సిద్ధించెను. పిదప విత్తులను రాత్రి నీట నానవేసి, పగ లెండ నారబెట్టి, యిట్లు కొన్నాళ్లు చేసి చల్లుట యటవీశాఖలయందు వాడుకయైనది. చిత్రమేమన, గట్టివిత్తునకు కౌటిల్యు డీవిధి చెప్పక గోమయలేపనము మాత్రమే చెప్పెను! తడిసి యారుటవలని ఫలమును ధాన్యమునకు గుర్తించిన వాడు పెంకుగల దానికేల విడిచెనో వ్యాఖ్యాతలు విచారింపదగును.

ఈవిధి యన్నింటికి జెల్లదు. ఇప్పగింజ వేసవి చివర రాలును. ఎండినచో త్వరలోనే మొలకశక్తి గోల్పోవును. నూనెకై యారబెట్టిన గింజ విత్తుటకు బనికిరాదు. రాలినదానిని వెంటనే నాటవలయును. ఇక బృహత్సంహిత చెట్లవిత్తులను పదిదినములు పాలలో నానబెట్టుమనుట యీవేసవిలో కుళ్ళబెట్టుటయే యగును.

వరికైనచో మండెకట్టుట కలదు. వడ్లను ఒక యహోరాత్రము నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి, వరిగడ్డి గప్పి బరువు పెట్టుదురు. చలికాలమున నీకప్పు వెచ్చదనమునకే. వేసవిలో మాత్రము భయము వేరు: మొలకెత్తు గింజ తానే వేడి బుట్టించును, వెలుపలి యెండతో నది కలిసిన మూట నడుమ విత్తు ముక్కిపోవును. అందుచే రైతు మూటను నీడ నుంచి, నడుమ జేయి యుంచి చూచి, వేడి తగిలిన ముడి వదులుచేసి నీరు చల్లును.