ఉబిన్ బండల దగ్గర

సింగపూర్‌లోని చాంగి రేవులో పడవ ఎక్కితే కాసేపట్లో పులావ్ ఉబిన్. దిగి, పాటుకి నీళ్లు తగ్గిన ఒడ్డు వెంట నడవండి. మడచెట్ల వేళ్ల మధ్య బురద చెప్పుల్ని వదలదు. అది దాటితే నిలువెత్తు గ్రానైటు బండలు. పైనుంచి కిందికి బారులు తీరిన గాడులు. ఒకదాంట్లో వేలు పెట్టి కిందికి జార్చండి, నున్నగా తగులుతుంది. ఉలి పడ్డ జాడ లేదు. వాననీరు తొలుచుకున్న దారులివి. హైదరాబాదు బండలు మనసులో మెదులుతాయి గానీ, వాటి వయసులో పదో వంతే వీటిది. ఇవి ట్రయాసిక్ కాలపువి.

1840ల్లో జేమ్స్ రిచర్డ్‌సన్ లోగన్ ఈ గాడుల్ని చూసి వాటి గురించి రాశాడు. వృత్తికి లాయరు. వెనకాల ఏ సర్వే శాఖా లేదు. ఆ ఓపిక ముందు నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇక క్వారీ దగ్గరికి రండి. 1851లో వెలిగిన హార్స్‌బర్గ్ లైట్‌హౌసుకి రాయి ఈ దీవిదే. తవ్వకాలు ఆగాయి, గుంటలో పచ్చటి నీరు నిండింది. ఎదుటి గోడ మీద పగుళ్లు చూడండి: కొన్ని నిలువుగా, కొన్ని ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ. క్లైనోమీటరు ఆనించి వాలు కొలిచి, నోటుబుక్కులో దిక్కు రాసుకోవడం, పాత ఫీల్డువర్కు అంటే ఇదే.

ప్రజాపనుల శాఖ 1976లో దేశపు భూగర్భ పటాన్ని, నివేదికను తెచ్చింది. ఆ తర్వాత కొండలు తెగాయి, వాలుల మీద గడ్డి, కాంక్రీటు పరుచుకున్నాయి. రాయి కళ్లబడే చోట్లు కరువయ్యాయి. 2004 ఏప్రిల్‌లో నికోల్ హైవే పక్కన మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. డిజైను లోపాలకు మెత్తటి సముద్రపు బంకమట్టి తోడైంది. కింద ఏముందో తెలియాల్సింది ఇందుకే.

తర్వాత భవన నిర్మాణ ప్రాధికార సంస్థ, బ్రిటిష్ జియలాజికల్ సర్వేతో కలిసి, సుమారు 200 మీటర్ల లోతు బోర్లలోంచి తీసిన రాతి కడ్డీలతో భూగర్భ చరిత్రను తిరగరాసింది. అలాంటి పెట్టె ఒకటి తెరిచారనుకోండి. మణికట్టంత లావు కడ్డీలు వరసగా ఉన్నాయి. నీళ్లు చిలకరించండి: పేలవంగా ఉన్న రాయిలో తెల్లటి ఫెల్‌స్పార్, బూడిదరంగు క్వార్ట్జ్, నల్ల అభ్రకం తేలతాయి. అడ్డంగా ఓ సన్నటి పగులు కూడా ఉంది. ఎంత లోతులో ఉందో పెట్టె మీద రాసి ఉంది. అది పక్కకి ఎంత దూరం పాకిందో మాత్రం ఈ కడ్డీ చెప్పదు. దానికి ఉబిన్ గోడలాంటి తెరిచిన రాయి కావాలి. మిగిలిన ఆ కాసిని చోట్లనైనా కప్పేయకుండా ఉంచాలి.