పాతకం: శాసనాల చివర కాపలా మాట

సామర్లకోట కుమారారామంలో భీమేశ్వర లింగం ఎంత ఎత్తంటే, అభిషేకం చేయాలంటే పై అంతస్తు ఎక్కాలి. భక్తుల చూపు అక్కడే ఆగిపోతుంది. స్తంభాల మీద చెక్కిన దాన శాసనాల జోలికి వెళ్లేవాళ్లు తక్కువ.

892లో గద్దెనెక్కిన తూర్పు చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన గుడి ఇది. ఒకప్పుడు గోదావరి సీమ గుళ్లలో దాతలు అఖండ దీపాలు పెట్టించేవారు. దాత గొర్రెల మందను ఒక బోయడికి అప్పగిస్తే, అతడూ అతడి సంతతీ రోజూ కొలత ప్రకారం నెయ్యి పోయాలి. సూర్యచంద్రులున్నంత కాలం! రాజ్యాలు మారితే ఆ ఒప్పందాన్ని ఎవరు నిలబెడతారు? అందుకే దాన శాసనాల చివర ఒక బెదిరింపు ఉంటుంది: ఈ ధర్మాన్ని చెరిపినవాడు పంచమహాపాతకాలు చేసినవాడు.

సంస్కృతంలో ‘పత్’ అంటే పడిపోవడం. మనిషిని పడదోసేది పాతకం. (దీర్ఘం ఒక అక్షరం ముందుకు జరిగితే జెండా అవుతుంది. ప్రూఫు దిద్దేవాళ్లూ, జాగ్రత్త!) బ్రహ్మహత్య, సురాపానం, బంగారం దొంగతనం, గురుపత్నీ గమనం మొదటి నాలుగూ. అయిదోదే అసలు గడుసుది: ఆ నాలుగింటిలో ఏది చేసినవాడితోనైనా చెలిమి. అంటే మాన్యం మింగినవాడి పక్కన చేరినవాడికీ తప్పించుకునే దారి లేదు.

ఈ మాట తెలుగులోకి ఎప్పుడొచ్చింది? 575 ప్రాంతపు కలమళ్ల శాసనం, ఇప్పటికి తెలిసిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి, పంచమహాపాతకాల ప్రస్తావనతోనే ముగుస్తుంది. తర్వాతి శాసనకర్తలకు అయిదూ చాలలేదు. గంగ ఒడ్డున వేయి కపిల గోవులను చంపిన పాపమన్నారు. దానభూమి కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడన్నారు. రాజుగారి సంతకం కన్నా ఈ పురుగే జనానికి బాగా గుర్తుండి ఉంటుంది.

దీని తోటి మాట ‘పాపం’ మాత్రం వాడగా వాడగా మెత్తబడింది. ‘పాపం, పిల్లాడు!’ అని జాలి పడతాం. ‘పాతకం, పిల్లాడు!’ అని ఎవరూ అనరు. ‘ఆ పాతకం నాకొద్దు’ అనే మాటలో శాపపు పదును ఇంకా మిగిలే ఉంది.

భీమేశ్వరుడి దర్శనానికి వెళ్తే ఆ స్తంభాల దగ్గర కాసేపు ఆగండి. చేతికంటిన కుంకుమ మాత్రం ఆ అక్షరాలకు తుడవకండి.