రాజులు కొనని రాజశకటము

ఏనుగు బ్రతికినను వేయి, చచ్చినను వేయి యని మనవారి సామెత. ఏనుగు వెలను గూర్చి యీ మాట నిజమే కావచ్చును గాని, దానిని మేపవలసినవాని సంగతి యిందులో లేదు. మావటీడు, మేత, గొలుసులు, కట్టుటకు చాలినంత చోటు, ఇవి యన్నియు సమకూరిన పిమ్మట గాని వాకిట నేనుగు నిలువదు. మిక్కిలి వెలగల మోటారుకారును గూర్చియు నడుగవలసిన ప్రశ్న యిదియే. అంత ధనము వెచ్చించి యొక బండిని కొన్నవానికి ఆ ధనమునకు దగిన ఫలము దక్కునా? దీనికి తర్కముతో గాక, జరిగిన చరిత్రతో సమాధానము వెదకుదము.

మన దేశమున నిట్టి బండ్ల ప్రసంగము రాగానే సంస్థానాధీశులు జ్ఞప్తికి వత్తురు. 1912లో తయారై హైదరాబాదు నిజాము కొలువునకు వచ్చిన పసుపువన్నె రోల్స్ రాయిస్ బండి నేటికిని చౌమహల్లా ప్రాసాదమున చూపరులకు కనబడుచున్నది. అది రాజు కొనిన బండి. నేను చెప్పబోవునది రాజులకొరకే నిర్మింపబడియు ఒక్క రాజును కొనని బండి కథ. దాని పేరు 'రొయాల్', అనగా రాజోచితమైనదని యర్థము.

దీనిని నిర్మించినవాడు ఎత్తోరె బుగాటి. ఇతడు 1881లో ఇటలీలోని మిలాను నగరమున జన్మించెను. తండ్రి గృహోపకరణముల రూపకల్పనలో పేరుగన్న శిల్పి. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల విగ్రహములు పోతపోయుటలో నేర్పరి. ఎత్తోరె మాత్రము యంత్రముల వైపు మొగ్గి, 1909లో ఆల్సేస్ ప్రాంతమున మోల్షైమ్ అను చిన్న యూరిలో కర్మాగారము స్థాపించెను. ఆ ప్రాంతము నాడు జర్మనీది. మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఫ్రాన్సునకు చెందినది. అతని బండ్లు తేలికగా నుండి పందెములలో గెలుపొందుచు గొప్ప కీర్తి గడించినవి. ఆ కీర్తి చాలక, ప్రపంచమున మరెవ్వరును చేయనంత గొప్ప బండిని చేయవలెనని అతనికి కోరిక పుట్టెను. 1926 నాటికి తొలి నమూనా సిద్ధమైనది. ఇట్టివి 25 చేసి చక్రవర్తులకును, రాజులకును, మహాధనికులకును అమ్మవలెనని సంకల్పము.

ఆ బండి పరిమాణము వినదగినది. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ దూరమే 4.3 మీటర్లు, మొత్తము పొడవు ఆరు మీటర్లకు మించినది, బరువు ఇంచుమించు మూడు టన్నులు. వరుసగా నెనిమిది సిలిండర్లు గల దాని యింజను పరిమాణము 12.7 లీటర్లు. ముందుభాగమున రేడియేటరు మూతపై, వెనుక కాళ్ళమీద నిలిచి తొండమెత్తిన యేనుగు బొమ్మ యొకటి యమర్చిరి. అది 1916లో మరణించిన తమ్ముడు రెంబ్రాంట్ మలచిన విగ్రహమునకు ప్రతిరూపము. పైకప్పు గాని, ఆసనములు గాని లేని వట్టి చట్రమునకే 30,000 డాలర్ల వెల. 1925లో అమెరికాలో ఫోర్డు టి నమూనా బండి 260 డాలర్లకు దొరకినది. అనగా రొయాల్ చట్రము వెలతో నూటికి పైగా ఫోర్డు బండ్లు కొనవచ్చును. ఫోర్డు టి బండ్లు 1908 నుండి 1927 వరకు కోటి యేబది లక్షలు తయారైనవి. రొయాల్ బండ్లు నేడు నిలిచియున్నవి ఆరు. వానిలోను బయటివారు వెలయిచ్చి కొన్నవి మూడు మాత్రమే.

ఇట్లేల జరిగినది? 1929లో ప్రపంచమంతట ఆర్థిక మాంద్యము దాపురించినది. ధనవంతులు సయితము కొనుగోళ్ళకు వెనుదీసిరి. 1932లో లండనునందలి ఒలింపియా ప్రదర్శనశాలలో నొక రొయాల్ బండిని నిలిపిరి. చూడవచ్చినవారే గాని కొనవచ్చినవారు లేరు. కడకు కొనిన మువ్వురిలో ఎస్దేర్స్ అను ఫ్రెంచి ధనికుడు దుస్తుల వర్తకుడు. ఫూక్స్ అను జర్మను దేశీయుడు వైద్యుడు. ఫాస్టర్ అనునాతడు ఆంగ్లేయుడు.

ఎస్దేర్స్ గారి బండికి ముందు దీపములు లేవు. రాత్రివేళ దానిని నడుపను గనుక దీపములక్కరలేదని అతడే కోరెను. నూరు ఫోర్డుల వెలను మించిన బండి చీకటిపడిన పిమ్మట దారి చూపలేనిదయ్యెను! దీనివలన మనకొక సంగతి తెలియుచున్నది. ఆ వెల ప్రయాణమునకు చెల్లించినది కాదు. పగటివేళ పదిమంది కన్నులయెదుట సాగుటకు చెల్లించినది. అట్టి వేడుక నింద్యమని నేననను. అయితే కొనువాడు తాను దేనికి వెల చెల్లించుచున్నాడో యెరిగియుండుట మంచిది. ఎస్దేర్స్ ఎరుగును, దానిని దాచుకొననులేదు.

వైద్యుడు ఫూక్స్ బండి కథ వేరు. హిట్లరు అధికారమునకు వచ్చిన పిమ్మట ఆయన జర్మనీని వీడి చైనాలోని షాంఘై నగరమునకు, అటనుండి అమెరికాలోని న్యూయార్కునకు చేరెను. బండియు సముద్రములు దాటి వెంట వచ్చినది. దేశము విడిచినవాడు దీనిని మాత్రము విడువలేకపోయెను. కాని న్యూయార్కు చలికాలమున, లోపల మిగిలిన నీరు గడ్డకట్టి యింజను పగిలినది. అట్టి యింజనును బాగుచేయువారెవ్వరు? విడిభాగము లెచ్చట దొరకును? కడకు బండి పాత యినుము దొడ్డి పాలైనది. 1940 దశాబ్దమున చార్లెస్ చేన్ అను ఇంజనీరు దానిని గుర్తించి 400 డాలర్లకు కొనెను. సామెతలోని యేనుగు చచ్చినను వేయి పలుకును గాని, ఈ యేనుగు నన్నూరే పలికినది. చేన్ దానిని బాగుచేయించి, కొన్ని యేండ్లకు అమెరికాలోని హెన్రీ ఫోర్డు ప్రదర్శనశాలకు దానమిచ్చెను. 260 డాలర్లకు బండి యమ్మినవాని పేరనున్న శాలలో నేడది నిలిచియున్నది.

ఇక మోల్షైమునకు మరలుదము. బండ్లు అమ్ముడుపోలేదు, గొప్ప యింజనులు కర్మాగారమున మూలబడియున్నవి. ఆ సమయముననే ఫ్రెంచి రైల్వేలు, ఆవిరి యింజనుల కంటె తేలికైనవియు వేగవంతమైనవియు నగు బండ్లను కోరుచుండెను. బుగాటి ఆ రొయాల్ యింజనులను నాలుగేసి చొప్పున నొక్కొక్క రైలుబండిలో నమర్చెను. నాలుగును గూడ 800 అశ్వశక్తి నిచ్చునవి. 1933లో నవి పారిసు నుండి సముద్రతీరమునందలి దోవిల్ పట్టణమునకు నడువసాగినవి. మరుసటి యేట పరీక్షలో గంటకు 190 కిలోమీటర్లకు మించిన వేగము నందుకొన్నవి. రెండింజనులవి, నాలుగింజనులవి కలిపి ఎనుబదికి పైగా బండ్లు తయారైనవి. కడపటివి 1958 వరకు పట్టాలపై తిరిగినవి. రాజులకై చేసిన యింజను టిక్కెట్టు కొన్న ప్రతివానిని మోసినది. ఒక్కని వాకిట భారమైన వస్తువే వేలమందికి పంచగా లాభకరమైనది.

ఇచ్చట నొక యాక్షేపము వచ్చును. "ఆ కార్ల వెల తరువాత పెరిగినది గదా!" యని యందురు. నిజమే. 1950లో అమెరికా దేశీయుడు బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ రెండు రొయాల్ బండ్లను బుగాటి కుటుంబము నుండి కొనెను. స్వల్పమగు నగదుతోపాటు శీతలయంత్రములు, నాడు ఫ్రాన్సులో దొరకుట దుర్లభమైనవి, యిచ్చెనని చెప్పుకొందురు. వానిలో నొకటి, 1932లో ఒలింపియాయందు కొనువారు లేక నిలిచినదే, 1987లో లండను వేలమున 55 లక్షల పౌండ్లు పలికినది. కాని యీ లాభమెవ్వరిది? నిర్మించిన బుగాటి 1947లోనే మరణించెను. అతని కుటుంబము స్వల్పమునకు వదలుకొన్నది. ఫూక్స్ బండి తుక్కు దొడ్డికి పోయినది. ఎవ్వరును కొననందుననే ఆరు మిగిలినవి. ఆరే మిగిలినందున వెల పెరిగినది. తాను కొన్న బండి యట్లే పెరుగునని నేడు లెక్కవేయువాడు, తక్కినవారెవ్వరును కొనరాదనియు, తాను అరువదేండ్లు వేచియుండవలెననియు గూడ లెక్కలో చేర్చుకొనవలెను.

కొనువాని లాభనష్టములతో నీ ప్రశ్న ముగియదు. ఆల్సేస్ ప్రాంతముననే మ్యూలూజ్ అను పట్టణము కలదు. అచ్చట ష్లుంఫ్ సోదరులు హాన్స్, ఫ్రిట్స్ అనువారికి ఉన్ని మిల్లు లుండెడివి. వారిలో ఫ్రిట్సునకు బుగాటి బండ్లపై వ్యామోహము. 1960 దశాబ్దమున రెండు రొయాల్ బండ్లు సయితము సంపాదించెను. వందలకొలది బండ్లు కొని, పాత మిల్లు భవనములో దాచి, బయటివారెవ్వరిని చూడనిచ్చెడివాడు కాడు. 1970 దశాబ్దమున వస్త్రపరిశ్రమ క్షీణించినది. మిల్లులు మూతబడి కార్మికులు పని కోల్పోయిరి. సోదరులు స్విట్జర్లాండునకు వెడలిపోయిరి. 1977 మార్చిలో కార్మికులు ఆ భవనమున ప్రవేశించిరి. బారులు తీరిన దీపస్తంభముల క్రింద నాలుగువందలకు పైగా కార్లు మెరయుచుండెను. తమ మిల్లుల సొమ్ము ఎచ్చటికి పోయినదో వారికి కన్నులార కనబడినది. రెండేండ్లు వారా భవనమును విడువలేదు. పిమ్మట 1982లో నది ప్రజలకు ప్రదర్శనశాలగా తెరువబడినది.

ఎస్దేర్స్ తన సొమ్ముతో తన వేడుక తీర్చుకొనెను. దానిని కాదనుట కెవ్వరికిని హక్కు లేదు. మ్యూలూజ్ కార్మికులకు మాత్రము అడుగు హక్కు కలిగినది. కావున గొప్ప కారు వెలకు తగునా యని విచారించునపుడు, ఆ వెల యెంత యని యడిగి యూరకుండరాదు. దానిని చెల్లించుటలో ఎవరి కూలి, ఎవరి యప్పు, ఎవరి పిల్లల చదువు కలిసిపోవుచున్నవో యడుగవలెను. తన యింటిలో నెవ్వరికిని కొరత చేయక కొనగలవాడు కొని సంతోషింపవచ్చును. ఇతరుల బువ్వలోనుండి తీసి యేనుగును మేపువానికి మాత్రము ఆ బండి యెంత చౌకగా దొరకినను దండుగయే.

ఆ మ్యూలూజ్ పట్టణముననే నేడు రెండు ప్రదర్శనశాలలున్నవి. ఒకదానిలో రెండు రొయాల్ కార్లు నిలిచియున్నవి. రెండవది రైల్వే ప్రదర్శనశాల. అందు బుగాటి రైలుబండి యొకటి యున్నది. ఇంజను జాతి రెంటిలోను నొక్కటే. కారును చూచి ముగ్ధులగుదము, అది తగినదే. పెట్టిన సొమ్మునకు ఫలమేది యని యడిగినచో, నేను రైలుబండినే చూపుదును.