ఆస్కోవ్ బడి నుంచి రామగిరి గుట్టల దాకా

పునరుత్పాదక ఇంధనపు చదువుకు మొదటి బడి విశ్వవిద్యాలయం కాదు. డెన్మార్క్‌లో, జట్లాండ్ ప్రాంతంలో, ఆస్కోవ్ అనే పల్లెలో రైతుబిడ్డల కోసం నడిచిన పాఠశాల. పరీక్షల కోసం, పట్టాల కోసం చదవకూడదన్నది ఆ తరహా బడుల పట్టుదల. 1878లో అక్కడ పాఠాలు చెప్పడానికి వచ్చిన పౌల్ లా కూర్ వాతావరణ శాస్త్రం ఎరిగినవాడు, టెలిగ్రాఫ్ మీద కొత్త ఉపాయాలు కనిపెట్టి అప్పటికే పేరు తెచ్చుకున్నవాడు. 1891లో ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో బడి దగ్గర ఒక గాలిమర కట్టించాడు. పిండి విసరడానికి కాదు, కరెంటు తీయడానికి.

గాలి పడిపోతే దీపం ఆరిపోతుంది కదా అన్న ప్రశ్న ఆ రోజే వచ్చింది. ఆయన ఆ కరెంటుతో నీటిని విడగొట్టి, హైడ్రోజన్ నిల్వ చేసి, దానితో 1895 నుంచి ఏడేళ్లు బడిలో దీపాలు వెలిగించాడు. హైడ్రోజన్‌లో కొంచెం ఆక్సిజన్ కలిసి పేలినప్పుడల్లా పక్క గదుల కిటికీ అద్దాలు మార్చుకోవలసి వచ్చేది. ‘గ్రీన్ హైడ్రోజన్’ అని ఇవాళ నక్షత్రాల హోటళ్లలో సదస్సులు పెడుతున్నవారికి ఈ అద్దాల ఖర్చు సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

లా కూర్ చేసిన అసలు పని మాత్రం గాలిమర కాదు, మనుషులు. ఊరూరా కరెంటు పెట్టాలంటే ఊరూరా దాన్ని చూసుకునేవాళ్లు కావాలి. 1904 నుంచి పల్లె కుర్రాళ్లకు తీగలు లాగడం, బ్యాటరీలు చూసుకోవడం, గాలిమర మరమ్మతు చేయడం నేర్పి ‘గాలి ఎలక్ట్రీషియన్లు’గా పంపడం మొదలుపెట్టాడు. ఆ మొదటి జట్టులో 17 ఏళ్ల కుర్రాడు ఒకడున్నాడు. పేరు యోహానెస్ యూల్.

యూల్‌కు తను నేర్చుకున్నదానికి తగిన పని దొరకడానికి దాదాపు 50 ఏళ్లు పట్టింది. ఈలోగా బొగ్గు చవక, చమురు చవక. ఆయన మామూలు కరెంటు కంపెనీలో ఇంజినీరుగా పనిచేసుకుంటూ ముసలివాడయ్యాడు. చివరికి 1957లో, 70వ ఏట, గెడ్సర్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో 200 కిలోవాట్ల యంత్రం నిలబెట్టాడు. మూడు రెక్కలు, 24 మీటర్ల వ్యాసం, వేగం మితిమీరితే రెక్కల కొసలే తిరిగి అడ్డుపడి ఆపే ఏర్పాటు. పదేళ్లు తిరిగి 1967లో బేరింగు పాడై ఆగిపోయింది. బాగు చేయించాలని ఎవరికీ తోచలేదు. 1973లో అరబ్బు దేశాలు చమురు కట్టేశాక అందరికీ అది గుర్తొచ్చింది. ఆ పాత యంత్రాన్ని మళ్లీ తిప్పి కొలతలు తీసుకుంటామని వచ్చింది ఎవరో కాదు, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపినవాళ్లు పల్లెటూరి బడిలో నేర్చుకున్న ముసలాయన లెక్కల కోసం వెతుక్కుంటూ వచ్చారు.

విద్యకూ ఉద్యోగానికీ మధ్య ఇంత ఎడం మరే చదువులోనూ ఉండదేమో. ఇక్కడ ఉద్యోగాన్ని నిర్ణయించేది పట్టా కాదు. చమురు ధర, ఆ పూట ప్రభుత్వం చేసిన చట్టం.

అమెరికా కథ చూడండి. ఎం.ఐ.టి.కి 1938లోనే సౌరశక్తి పరిశోధనకు దాత దొరికాడు. 1954లో బెల్ ప్రయోగశాల సిలికాన్ సోలార్ సెల్‌ను లోకానికి చూపింది. ఎండలో 6 శాతాన్ని కరెంటుగా మార్చగలిగింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డఫీ, బెక్‌మన్ కలిసి రాసిన పాఠ్యపుస్తకం ప్రపంచమంతటా సౌర ఉష్ణ ఇంజినీర్ల బల్ల మీదికి చేరింది. 1977లో కొలరాడోలో సౌరశక్తికే ప్రత్యేకంగా జాతీయ పరిశోధన సంస్థ తెరిచారు. ఇంత ఉండీ, 1981లో అధ్యక్షుడు మారగానే ఆ సంస్థ డైరెక్టరు డెనిస్ హేస్‌ను సాగనంపారు, బడ్జెట్ కోసేశారు, చేరినవాళ్లను ఇంటికి పంపారు. పాత అధ్యక్షుడు కార్టర్ 1979లో వైట్‌హౌస్ పైకప్పు మీద పెట్టించిన సౌర ఫలకాలను 1986లో దించేశారు. ఆ ఏళ్లలో సౌరశక్తిలో పీహెచ్‌డీ చేస్తున్నవాడి పరిస్థితి ఊహించుకోండి.

డెన్మార్క్ ఇంకో దారి పట్టింది. అణుశక్తి కోసం కట్టిన రీసో ప్రయోగశాలలోనే 1978లో గాలి యంత్రాల పరీక్షా కేంద్రం పెట్టారు. మరుసటి ఏడాది, ఆ కేంద్రం ఆమోదించిన యంత్రం కొంటే ఖర్చులో 30 శాతం ప్రభుత్వం భరిస్తుందన్నారు. ఆ ఒక్క నిబంధనతో వడ్రంగులూ కమ్మరులూ వ్యవసాయ యంత్రాలు చేసేవాళ్లూ తమ గాలిమరలు మోసుకుని ఇంజినీర్ల దగ్గరికి రావలసి వచ్చింది. ఇంజినీర్లు వాళ్ల దగ్గర నేర్చుకున్నారు, వాళ్లు ఇంజినీర్ల దగ్గర. హెన్రిక్ స్టీస్‌డాల్ అప్పటికి ఇరవై దాటిన కుర్రాడు. ఒక కమ్మరితో కలిసి తను గీసిన నమూనాను 1979లో వెస్టాస్ కంపెనీకి ఇచ్చాడు. తర్వాత వైద్యం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం చదివాడు గానీ ‘పవన విద్యుత్తులో ఎమ్మెస్’ అనేది చేయలేదు. ఎవరైనా పెడితే కదా చేయడానికి. 2024లో ఇంజినీరింగ్‌కు ఇచ్చే క్వీన్ ఎలిజబెత్ బహుమతి అందుకున్న ఇద్దరిలో ఒకడు ఆయనే.

డెన్మార్క్ కథ కూడా నునుపు కాదు. కాలిఫోర్నియా ఇచ్చిన పన్ను రాయితీలను నమ్ముకుని వేల యంత్రాలు ఓడలెక్కించారు. 1985 ఆఖరుతో రాయితీలు పోయాయి, 1986లో వెస్టాస్ దివాలా తీసింది. మళ్లీ లేచింది, అది వేరే సంగతి.

ఇక దేశాలు దాటి వచ్చి చదవడం. 1981లో నైరోబీలో ఐక్యరాజ్యసమితి కొత్త, పునరుత్పాదక ఇంధనాల మీద పెద్ద సభ జరిపింది. తీర్మానాలు చేశారు, అందరూ ఇళ్లకు వెళ్లారు. అసలు పని అంతకు రెండేళ్ల ముందే, 1979లో, చప్పుడు లేకుండా రేక్యవిక్‌లో మొదలైంది. ఐస్‌లాండ్ భూగర్భపు వేడితో ఇళ్లు కాచుకునే దేశం. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం తరఫున అక్కడ భూతాప శక్తి శిక్షణ పెట్టారు. ఏటా ఆరు నెలలు. వచ్చేవాళ్లు కాలేజీ కుర్రాళ్లు కారు. తమ దేశంలో ఈ పనిలోనే ఉన్న భూగర్భ శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు. చివర్లో ఒక్కొక్కరూ ఒక నివేదిక రాయాలి. చాలామంది తమ దేశపు బావుల లెక్కలు వెంట తెచ్చుకుని వాటి మీదే రాస్తారు. పాఠాలు ఐస్‌లాండ్‌వి, సమస్య ఇంటిది.

ఎక్కువమందిని పంపిన దేశం కెన్యా. రిఫ్ట్ లోయలోని ఓల్కారియాలో 1981లో 15 మెగావాట్లతో మొదటి యూనిట్ తిరిగింది. ఇవాళ ఆ దేశపు కరెంటులో 40 శాతానికి పైగా భూగర్భపు ఆవిరి నుంచే వస్తోంది. రేక్యవిక్ నుంచి తిరిగొచ్చినవాడికి ఓల్కారియాలో బావి తవ్వుతూ ఉండేవాళ్లు. కుర్చీ ఉండేది, జీతం ఉండేది. 2005 నుంచి నైవాషా సరస్సు దగ్గర ఆఫ్రికా దేశాలవాళ్లకు కెన్యాలోనే శిక్షణ తరగతులు మొదలయ్యాయి. నా లెక్కలో ఈ రంగం మొత్తంలో ఇంతకంటే గట్టిగా నిలిచిన చదువు మరొకటి లేదు. దానికి కారణం ఐస్‌లాండ్ గొప్పతనం ఒక్కటే కాదు. మనిషిని పంపినప్పుడే అతని పని వెనక సిద్ధంగా ఉంది.

జర్మనీలో 1987 చిత్రమైన ఏడాది. ఎల్బే నది సముద్రంలో కలిసేచోట గ్రోవియన్ అనే 3 మెగావాట్ల రాక్షస గాలిమరను సర్కారు డబ్బుతో అంతకుముందే నిలబెట్టారు. 100 మీటర్ల రెక్కల చక్రం. నాలుగేళ్లలో మొత్తం కలిపి 500 గంటలైనా తిరగకుండానే ఆ ఏడు ఆగిపోయింది. అదే ఏడాది, దానికి అంత దూరం కాని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో, అభివృద్ధి చెందుతున్న దేశాల ఇంజినీర్ల కోసం పునరుత్పాదక ఇంధనంలో ఒక పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సు మొదలైంది. చెర్నోబిల్ జరిగి అప్పటికి ఏడాదే. ఒక్క సాంకేతికం కాకుండా ఎండ, గాలి, జీవద్రవ్యం, చిన్న జలవిద్యుత్తు, వాటి ఖర్చు లెక్కలు అన్నీ ఒకేచోట నేర్పే ఈ తరహా మాస్టర్స్‌కు ఇదొక మూలపురుషుడు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల నుంచి ఉపకార వేతనాల మీద వచ్చిన ఇంజినీర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే ఇన్వర్టరు విప్పారు. వాళ్లందరికీ వెనక్కి వెళ్లాక ఓల్కారియా లాంటిది దొరకలేదు. 1990ల్లో చాలా దేశాల్లో సౌరశక్తి అంటే విదేశీ దాతలు ఇచ్చే దీపాలే. అందుకే ఆ తరంలో ఈ చదువు చదివినవాడి జీవితం ఒక ప్రాజెక్టు అయిపోయేలోపు ఇంకో ప్రాజెక్టు వెతుక్కోవడంగా గడిచింది.

తర్వాత ఐరోపా ఈ నమూనాను పెంచింది. 2002లో అనేక విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే యూరోపియన్ మాస్టర్స్ వచ్చింది. ఒక సెమిస్టరు ఒక దేశంలో, మరొకటి ఇంకో దేశంలో. 2004లో ఎరాస్మస్ ముండస్ ఉపకార వేతనాలు. పవన విద్యుత్తుకే డెల్ఫ్ట్, డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం, ట్రాన్‌హైమ్, ఓల్డెన్‌బర్గ్ కలిసి ఒక ఉమ్మడి కోర్సు నడిపాయి. చమురు మీద బతికే అబూధాబీ కూడా 2009లో మస్దార్‌లో పోస్టుగ్రాడ్యుయేట్లకు మాత్రమే ఒక సంస్థ తెరిచి, 2017లో దాన్ని వేరే విశ్వవిద్యాలయంలో కలిపేసింది.

సిడ్నీ సంగతి వేరు. అది చదువు కథ కాదు, సంత కథ. 1974 నుంచి న్యూ సౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ సోలార్ సెల్ మీద పట్టుబట్టి పనిచేశాడు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన చైనా విద్యార్థి షీ జెంగ్‌రోంగ్ 2001లో వూషీ నగరానికి వెళ్లి సన్‌టెక్ పెట్టాడు. స్థానిక ప్రభుత్వం పెట్టుబడికి దారి చూపింది. కొనేవాళ్లు ఎవరు? జర్మన్లు. 2000లో జర్మనీ చేసిన చట్టం ప్రకారం ఇంటికప్పు మీద తయారయ్యే ప్రతి యూనిట్‌కూ 20 ఏళ్లు ఖరారు ధర. ఆస్ట్రేలియా బుర్ర, చైనా ఫ్యాక్టరీ, జర్మనీ జేబు. సన్‌టెక్ 2005లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ఎక్కింది, ప్రపంచంలో అతి పెద్ద ఫలకాల తయారీదారు అయింది, 2013లో వూషీలో దివాలా తీసింది. ఫలకం ధర మాత్రం మళ్లీ పాత ఎత్తుకు పోలేదు. గ్రీన్, ఆయన పాత విద్యార్థులు ముగ్గురు కలిసి తీర్చిదిద్దిన పెర్క్ అనే సోలార్ సెల్‌కు 2023లో అదే క్వీన్ ఎలిజబెత్ బహుమతి వచ్చింది.

ఆ చవక ఫలకం చైనాలో లక్షల ఉద్యోగాలు పుట్టించి, జర్మనీలో ఊడ్చేసింది. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద సెల్ కంపెనీ అయిన క్యూ-సెల్స్ 2012 ఏప్రిల్‌లో చేతులెత్తేసింది. అప్పుడే ఫోటోవోల్టాయిక్స్‌లో మాస్టర్స్ పూర్తిచేసి ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లకు తగిలిన దెబ్బ చిన్నది కాదు.

ఇదంతా డిగ్రీల గొడవ. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీది ఇంకో లోకం. ఆఫ్రికా, లాటిన్ అమెరికా పల్లెల నుంచి నడివయసు ఆడవాళ్లు, అమ్మమ్మలు అక్కడికి ఆరు నెలలకు వస్తారు. చాలామందికి చదువు రాదు. మాట్లాడుకోవడానికి ఉమ్మడి భాష లేదు. రంగుల గుర్తులతో, చేతి సైగలతో సర్క్యూట్ బోర్డు అతకడం నేర్చుకుని, ఊరికి వెళ్లి ఇంటింటికీ సౌరదీపాలు బిగిస్తారు. కుర్రాళ్లకు నేర్పితే సర్టిఫికెట్ పట్టుకుని పట్నం పోతారు, అమ్మమ్మ మాత్రం ఊళ్లోనే ఉంటుంది అనేది ఆ సంస్థ వాదన. 2008 నుంచి భారత ప్రభుత్వం వీరి ప్రయాణానికి, శిక్షణకు సాయం చేస్తూ వచ్చింది. అంతర్జాతీయ విద్య అనగానే మనకు ఈ అమ్మమ్మలు గుర్తుకు రారు.

అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ లెక్క ప్రకారం ఈ రంగంలో ఉద్యోగాలు 2012లో 73 లక్షలు, 2023లో 1 కోటి 62 లక్షలు. అందులో చైనావే 74 లక్షలు. భారత్‌వి 10 లక్షల పైచిలుకు. ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో, బిగింపులో. మాస్టర్స్ చేసినవాడికి దక్కేవి వేరే: గాలి కొలతల లెక్క, రేపటి ఎండ అంచనా, గ్రిడ్‌లో హెచ్చుతగ్గుల సర్దుబాటు, బ్యాటరీలు, అప్పు కోసం బ్యాంకుకు ఇచ్చే నివేదిక. కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లది. అలాంటిది కట్టేటప్పుడు వేలమంది కావాలి, నడపడానికి కొద్దిమంది చాలు. పిన్నాపురం దగ్గర ఎండనూ గాలినీ నీళ్లనూ కలిపి నిల్వ చేసే పథకం వచ్చాక, పంపు ఏ వేళకు తిప్పాలన్నది ఒక పూర్తికాలపు కొలువైంది.

మన ఇళ్లలో ఎమ్మెస్ అనగానే కంప్యూటర్ అని అనువదించుకోవడం అలవాటు. అటు కాకుండా ఇటు చూసేవారికి ఒక చిల్లర సంగతి. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సౌర సంస్థ ఉన్న ఫ్రైబర్గ్‌కు సౌరనగరమని పేరు. ఆ ఊరున్న రాష్ట్రం 2017 నుంచి మనలాంటి పరాయి దేశస్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. ఓల్డెన్‌బర్గ్ ఉన్న రాష్ట్రంలో ఆ ఫీజు లేదు. రెండు చోట్లా పాఠం ఇంగ్లీషులో దొరుకుతుంది, ఉద్యోగపు ఇంటర్వ్యూ జర్మన్‌లో ఉంటుంది.

సముద్రంలో కట్టిన మొదటి గాలిమరల క్షేత్రం డెన్మార్క్‌లోని విండెబి. 1991లో 11 యంత్రాలు, మొత్తం కలిపి 5 మెగావాట్లు. 2017లో వాటిని విప్పి ఒడ్డుకు తెచ్చారు. మన అనంతపురం సీమలో రామగిరి గుట్టల మీద 1990ల్లో నిలబెట్టిన గాలిమరలూ ఇప్పుడు ఆ వయసువే. పాతవి తీసి పెద్దవి పెట్టడానికి కేంద్రం 2023లో ఒక విధానం ప్రకటించింది. ఆ రెక్కలు గాజునార, జిగురు కలిపి చేసినవి; కరిగించి మళ్లీ పోతపోయడానికి వీల్లేదు. వాటిని గుట్ట దించేదెవరు, దించి ఏం చేయాలో నేర్పేదెవరు అన్న ప్రశ్నకు ఆ సీమలో ఇంకా ఏ కాలేజీ తలుపూ తెరుచుకోలేదు.